తొలి నెల చదువు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యామండళ్ల అధ్యక్షులకు బహిరంగ లేఖ

మహాశయులారా,

జర్మనీ దేశమున ఎల్బె నదీతీరమందలి మాగ్డెబర్గు నగరమునుండి ఈ లేఖ వ్రాయుచున్నాను. నేనొకప్పుడు ఇక్కడ ఎమ్మెస్ చదువుటకు వచ్చి, చదువు ముగిసిన పిమ్మట ఇచ్చటనే ఉద్యోగము చేసికొనుచు నిలిచిపోయిన తెలుగువాడను. ప్రతి సంవత్సరము సెప్టెంబరు, అక్టోబరు మాసములలో మన పిల్లలు రెండేసి పెద్దపెట్టెలతో, వీపున సంచులతో, ఈ ఊరి రైలుస్టేషనులో దిగుట చూచుచుందును. వారిలో కొందరికి నా చేతనైన సాయము చేయుచుందును. ఆ పరిచయమే నాచేత ఈ లేఖ వ్రాయించుచున్నది. నేను విన్నవింపదలచినది ఒక్కటే. పరదేశమున విద్యార్థి గడపు మొదటి నెల స్వయముగా ఒక విద్య. దానిని బోధించు బాధ్యత నేడు ఎవరిదియు కాకున్నది. ఆ బాధ్యతను మీరు స్వీకరింపవలయునని నా ప్రార్థన.

ఇది ఏ కొద్దిమందికో సంబంధించిన విషయము గాదు. 2023-24 శీతకాలపు సెమిస్టరులో జర్మనీ విశ్వవిద్యాలయములందు చదువుచుండిన భారతీయుల సంఖ్య 49,483. ఈ దేశమునకు వచ్చు పరదేశ విద్యార్థులలో అగ్రస్థానము మనదే. ఇంజనీరింగు బోధించు ఏ విశ్వవిద్యాలయపు భోజనశాలలో కూర్చున్నను ప్రక్కబల్లనుండి తెలుగుమాట వినవచ్చుట నాకు నిత్యానుభవము. కారణము స్పష్టము. ఇక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయములు పెక్కింటిలో బోధనరుసుము లేదు. బాడెన్-వ్యుర్టెంబెర్గు రాష్ట్రమువారు 2017 నుండి ఐరోపా సమాఖ్యకు వెలుపలి విద్యార్థులవద్ద సెమిస్టరునకు 1,500 యూరోలు తీసికొనుచున్నను, అదియు అమెరికా వ్యయముముందు స్వల్పమే. కావున అమెరికా ఖర్చు భరింపజాలని కుటుంబములు, రెండెకరముల పొలమో ఒక చిరుద్యోగమో ఆధారముగా గల కుటుంబములు, తమ బిడ్డలను ఇటు పంపుచున్నవి. అమెరికాకు పోయిన పిల్లవానికి ఏదో యొక ఊరిలో పెదనాన్న కుమారుడో, మేనమామగారి బావమరిదియో ఉండుట నేడు సామాన్యము. జర్మనీకి వచ్చువానికి అట్టి అండ అరుదు. ఇంటిల్లిపాదిలో మొదట విమానమెక్కినవాడే, తెలియని భాష నడుమ మొదట ఒంటరిగా నిలిచినవాడును అగుచున్నాడు.

బయలుదేరువరకు జరుగు ప్రయత్నమునకు కొరత యేమియు లేదు. ఐఇఎల్‌టిఎస్ పరీక్ష, విద్యార్హతలు నిజమని తెలుపునట్టిదియు, 2022 నవంబరు 1 నుండి భారతీయులకు తప్పనిసరియైనదియు అగు ఏపీఎస్ ధ్రువపత్రము, ఒక సంవత్సరపు జీవనవ్యయము ముందుగా జమచేసి చూపవలసిన బ్లాక్డ్ అకౌంటు, విద్యాఋణము, వీసా, వీని వెంట ఏడాదికి పైగా ఇల్లంతయు తిరుగును. తండ్రి పట్టాదారు పాసుపుస్తకము చేతబట్టుకొని బ్యాంకు మెట్లెక్కును. తల్లి చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణములు చేసి మ్రొక్కి, వీసా వచ్చిన పిమ్మట 108 చేసి ఆ మ్రొక్కు చెల్లించును. అమీర్‌పేటలోనో, బెజవాడలోనో కన్సల్టెన్సీవారు దరఖాస్తులు నింపి రుసుము పుచ్చుకొందురు. ఇంత శ్రమయు శంషాబాదు విమానాశ్రయపు తలుపులయొద్ద ఒక్కమారుగా నిలిచిపోవును. మరునాడు ఫ్రాంక్‌ఫర్టులో దిగిన బిడ్డకు అటుపై నేమి చేయవలయునో చెప్పినవారు లేరు. ఎక్కిన రైలు ఆలస్యమగుటచేత మారవలసిన రైలు తప్పిపోయినచో, ఆ టికెట్టుతోనే తరువాతి బండి ఎక్కవచ్చునని తెలియక, కొత్త టికెట్టు కొని తొలినాడే యూరోలు పోగొట్టుకొన్న పిల్లలను నేనెరుగుదును. తల్లి ప్రేమతో కాచి సీసాలో పోసిచ్చిన నెయ్యియు, పాలకోవాయు ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారము ప్రయాణికులు వెలుపలి దేశములనుండి తేరాదనియు, కస్టమ్సువారు తీసివేయుదురనియు ఆ తల్లికి ఎవరును చెప్పియుండలేదు.

ఇక తొలివారముల చిక్కు ఎట్టిదో కొంత విస్తరించియే చెప్పవలెను; దూరమునుండి చూచువారికిది చిన్న కాగితపు పనిగా తోచును. ఇక్కడి చట్టము ప్రకారము ఎవరైనను ఒక ఇంటిలో చేరిన రెండు వారములలో ఆ చిరునామాను నగర కార్యాలయమున నమోదు చేయించుకొనవలెను. మన పిల్లలు దీనిని అన్మెల్డుంగ్ అను ఇక్కడి పేరుతోనే పిలుతురు. ఆ నమోదునకు, ఫలానా వ్యక్తి నా ఇంట చేరినాడని యజమాని సంతకము చేసిన పత్రము కావలెను. 2015 నవంబరు 1 నుండి అది విధాయకము. నమోదు లేనిదే నివాసానుమతి పని ముందునకు సాగదు. పెక్కు బ్యాంకులు ఖాతా తెరువవు. ఇక్కడి ఖాతా లేనిదే బ్లాక్డ్ అకౌంటులోని 11,904 యూరోలనుండి నెలకు 992 చొప్పున రావలసిన సొమ్ము చేతికందదు. సొమ్ము లేనిదే ఇల్లు దొరకదు. మూలపుటద్దెకు మూడింతలవరకు డిపాజిట్టు కోరు హక్కు యజమానికి చట్టమే యిచ్చినది. ఇల్లు లేనిదే, మొదట చెప్పిన నమోదు లేదు. ఇట్లు ఒక తాళపుచెవి మరియొక పెట్టెలో, ఆ పెట్టె తాళపుచెవి మొదటి పెట్టెలో ఉన్నట్లు, ఇరువదిరెండేండ్ల పిల్లవాడు తన సొమ్ము తనకు చేరక, ఆ సొమ్ముపై వడ్డీ మాత్రము స్వగ్రామమున దినదినము పెరుగుచుండగా, ఏ స్నేహితుని గదిలోనో నేలపై దుప్పటి పరచుకొని కాలము గడపుచుండును. ఆ స్నేహితుని గదిలో అతని పేరు నమోదగుటకును వీలులేదు, యజమాని ఒప్పుకొనడు.

ఈ చిక్కునకు విరుగుడు లేకపోలేదు. అయితే అది ఆరు నెలల ముందుగా తెలిసియుండవలెను. దాదాపు ప్రతి విశ్వవిద్యాలయ నగరమునకును స్టుడీరెండెన్‌వెర్క్ అను విద్యార్థి సంక్షేమసంస్థ యొకటి కలదు. భోజనశాలలును, చవకయైన వసతిగృహములును దాని నిర్వహణలోనివే. అందు గదికై సీటు వచ్చిననాడే, కొన్ని ఊళ్ళలో సీటు రాకమునుపే, దరఖాస్తు పెట్టుకొనవచ్చును, వీసాకై వేచియుండనక్కరలేదు. ఆ గది దొరికినచో యజమాని పత్రము వెంటనే వచ్చును, నమోదగును, ఖాతా తెరచుకొనును, సొమ్ము కదలును. ఏప్రిలులోనో మేలోనో ఎవరైన చెప్పియుండిన ఈ ఒక్కమాట, అక్టోబరులో ఒక కుటుంబపు మనశ్శాంతిని నిలిపియుండెడిది. వీసా వచ్చినగాని గది ఊసెత్తవద్దని పిల్లలకు సలహా చెప్పు కన్సల్టెన్సీలున్నవి; ఈ సలహా వలన జరుగుచున్న అపకారము వారికి తెలియునో తెలియదో గాని, పిల్లలు మాత్రము దాని ఫలితము అనుభవించుచున్నారు.

మరియొక సంగతి మన ఊళ్ళలో ఎవరి ఊహకును అందనిది. ఇచ్చట తపాలాపెట్టెమీద పేరు అంటింపబడియున్నగాని ఉత్తరము చేరదు. మన పల్లెలో పోస్టుమాను ఇంటిపేరు చూచి తాతగారిని తలచుకొనును. ఇక్కడ ఆ చిన్న కాగితపుముక్కయే మనిషికి గుర్తు. బ్యాంకు కార్డు తపాలాలో వచ్చును, దాని రహస్యసంఖ్య వేరొక ఉత్తరములో వచ్చును. ఆరోగ్యబీమా కార్డు, పనిలో చేరుటకు కావలసిన 11 అంకెల పన్నుసంఖ్య, అన్నియు అట్లే. పెట్టెమీద పేరు వ్రాయని పిల్లవాని ఉత్తరములన్నియు నిశ్శబ్దముగా వెనుకకు మరలిపోవును. అతడు మాత్రము కార్యాలయములవారు తనను ఉపేక్షించుచున్నారని దుఃఖించుచుండును.

ఇంటి వెదుకులాటలో పొంచియున్న మోసమును గూర్చి చెప్పకుండుట పాపమగును. నగరమధ్యమున అందమైన గది, అద్దె మిక్కిలి తక్కువ. యజమాని తాను వేరొక దేశమున నున్నాననియు, డిపాజిట్టు పంపినచో తాళములు కొరియరులో పంపుదుననియు మర్యాదగా వ్రాయును. సొమ్ము పంపినపిమ్మట గదియు లేదు, యజమానియు లేడు. మోసగాండ్రకు ఎక్కువగా చిక్కువారు ఇంకను విమానమెక్కని పిల్లలే. దిగునాటికి తలదాచుకొను చోటుండవలెనను ఆతురతయే వారి బలహీనత. కంటితో చూడని ఇంటికి, ఒప్పందపత్రము చేతికి రాని ఇంటికి ఒక్క యూరోయైనను పంపరాదను నియమము ప్రతి విద్యార్థికిని, ముఖ్యముగా సొమ్ము పంపు తండ్రికిని, కంఠస్థము కావలెను.

తక్కిన నిత్యవ్యవహారములు సులభముగా అలవడునవియే. ఆదివారము కొట్లు మూసియుండును. రాత్రి పది దాటిన తరువాత ప్రక్కింటికి వినబడునట్లు మాటలాడరాదు. ప్లాస్టిక్ సీసా తిరిగి ఇచ్చినచో 25 సెంట్లు మరల వచ్చును. కుళాయినీరు నిర్భయముగా త్రాగవచ్చును. రేడియో ఉన్నను లేకున్నను ఇంటికి నెలకు 18.36 యూరోల ప్రసారరుసుము చెల్లించవలెను, దానిని ఒకే ఇంటిలో నివసించువారు పంచుకొనవచ్చును. మూడు ఫోను సంఖ్యలు మాత్రము తొలిరాత్రియే వ్రాసి పెట్టుకొనదగినవి: ప్రాణాపాయమునకు 112, పోలీసులకు 110, అపవేళ వైద్యుడు కావలసివచ్చినచో 116117. చదువు విషయమున ఒక్క హెచ్చరిక చాలును. ఇక్కడ పెక్కు తరగతులలో హాజరు పిలువరు, ఫీజుకట్టుమని గుర్తుచేయు గుమాస్తా ఉండడు. పరీక్షకు నిర్ణీతమైన గడువులో తనంతట తాను పేరు నమోదు చేసికొనని విద్యార్థి ఆ పరీక్షకు కూర్చుండలేడు. చాలా విశ్వవిద్యాలయములలో ఒకే పరీక్ష మూడుమార్లు తప్పినవాడు ఆ కోర్సునుండియే వైదొలగవలసివచ్చును. మన కళాశాలల కట్టుబాట్లనడుమ పెరిగిన పిల్లలకు ఈ స్వేచ్ఛ తొలిసెమిస్టరులో వరముగా తోచి, ఫలితములు వచ్చునాటికి భయపెట్టును.

కాగితముల చిక్కు ఎంత పెద్దదైనను తీరునట్టిది. మనస్సునకు కలుగు చిక్కు అట్లు తీరదు, దానిని గూర్చి పలుకువారును లేరు. పిల్లలు దిగునాటికి చెట్లు రంగుమారుచుండును. అక్టోబరు కడపటి ఆదివారమున గడియారములు ఒక గంట వెనుకకు త్రిప్పుదురు. డిసెంబరు వచ్చుసరికి పగలు ఎనిమిది గంటలైనను ఉండదు, సాయంకాలము నాలుగింటికే చీకటి. గడియారములు త్రిప్పిననాటినుండి ఇంటికిని ఇక్కడికిని నాలుగున్నర గంటల అంతరము. గ్రంథాలయమునుండి రాత్రి ఎనిమిదింటికి గదికి చేరిన పిల్లవాడు ఫోను చేయునప్పటికి ఇంటిదగ్గర పన్నెండున్నర. తల్లి మేలుకొనియే యుండును. "తిన్నావా నాన్నా?" అని ఆమె అడుగును. "తిన్నానమ్మా, అంతా బాగుంది" అని అతడు చెప్పును. ఆ పూట అతడు తిన్నది రెండు రొట్టెముక్కలు. ఇల్లు ఇంకను దొరకలేదనిగాని, తరగతిలో ఆచార్యుని మాట సగమే అర్థమగుచున్నదనిగాని, మూడు దినములుగా ఎవరితోను నోరు తెరచి మాటలాడలేదనిగాని చెప్పుటకు అతనికి మనసొప్పదు. తన చదువుకై పొలము తాకట్టు పడినదని అతనికి తెలియును. ఆ తాకట్టే అతని నోరు మూయించుచున్నది. నేనెరిగిన పిల్లలలో మిక్కిలి క్రుంగిపోయినవారు తెలివిలేనివారును గారు, సోమరులును గారు. తల్లిదండ్రులను మిక్కిలి ప్రేమించువారు, తమ బాధ వారికి తెలియనీయరాదని పంతము పట్టినవారు. స్టుడీరెండెన్‌వెర్క్‌లందు మనోవేదనకు సలహా చెప్పు నిపుణులు చాలాచోట్ల ఉందురు. విద్యార్థివద్ద వారేమియు తీసికొనరు, తీసికొన్నను స్వల్పమే. ఆ తలుపు తట్టుట అవమానము గాదని మన పిల్లలకు ముందుగానే, వారు బలముగా నున్నప్పుడే, గురుస్థానమునందున్నవారెవరైన చెప్పియుంచవలెను. దుఃఖములో మునిగిన తరువాత చెప్పిన మాట చెవికెక్కదు.

తొలినాళ్ళలో ఒక పెద్దదిక్కు ఎంతపని చేయగలదో తెలియుటకు గాంధీజీ ఆత్మకథ సాక్ష్యము. 1888లో ఆయన లండను చేరినప్పుడు ఋతువునకు తగని తెల్లని దుస్తులతో ఓడ దిగి సిగ్గుపడిరి. రాత్రులు ఇల్లు తలచుకొని కన్నీరు కార్చిరి. తినదగిన ఆహారము దొరకక అలమటించిరి. ఆ తొలిసాయంకాలము విక్టోరియా హోటలుకు వెదకికొని వచ్చిన వ్యక్తి డాక్టరు ప్రాణజీవన మెహతా. పరుల వస్తువులు ముట్టరాదనియు, తొలిపరిచయములోనే మన దేశములోవలె ప్రశ్నలు వేయరాదనియు, బిగ్గరగా మాటలాడరాదనియు ఆయన చెప్పిన పాఠములు చూచుటకు చిన్నవి. పిమ్మట మెహతా గాంధీజీ బసకు వచ్చి, ఆ వసతి తగదని తేల్చి, ఆంగ్లకుటుంబమువారితో కలసి నివసింపవలెనని చెప్పి, అంతకుముందు కొంతకాలము ఒక మిత్రునియొద్ద ఉండి అక్కడి రీతులు నేర్చుకొనుట మేలని రిచ్‌మండునకు పంపెను. ఆ మిత్రుడు గాంధీజీని సోదరునివలె చూచి, నడవడియు భాషయు అలవరచెను. పరదేశమున చదువు మొదలిడకముందు అచ్చటి జీవనము నేర్చుకొనుటకు కొంత శిష్యరికము అవసరమని ఆ వైద్యుడు గ్రహించినాడు. నేను కోరుచున్నదియు ఆ శిష్యరికమునే. అది అదృష్టవశమున ఒకరికి లభించునదిగా గాక, ప్రతి తెలుగు విద్యార్థికిని లభించునట్లు ఏర్పాటు చేయుడని కోరుచున్నాను.

మీకు ఇది అసాధ్యము గాదు. లక్షలమందికి ఈఏపీసెట్ నిర్వహించు యంత్రాంగము మీయొద్ద కలదు. ప్రతి ఇంజనీరింగు కళాశాలకును మీ మాట చేరును. చివరి సంవత్సరము చదువుచు పరదేశమునకు పోదలచినవారికి కొద్దిదినముల తరగతులు మీరు జరిపింపవచ్చును. దేశమునకొక చిన్నపుస్తకము చొప్పున, తల్లిదండ్రులు కూడ చదువుకొనునట్లు, తేటతెలుగులో అచ్చువేయింపవచ్చును. అయితే ఒకమారు అచ్చువేసి బీరువాలో పెట్టిన పుస్తకము పనికిరాదు. బ్లాక్డ్ అకౌంటులో చూపవలసిన మొత్తము 10,332 యూరోలుగా ఉండి, 2023లో 11,208 అయి, 2024 సెప్టెంబరు 1 నుండి 11,904 అయినది. విద్యార్థి సంవత్సరమునకు పనిచేయదగిన దినములు 120 నుండి 2024 మార్చిలో 140కి పెరిగినవి. కావున ప్రతి వేసవిలోను ఆ పుస్తకము సరిచూచు మనుష్యుడొకడు మీ కార్యాలయమున ఉండవలెను. సాయముచేయ సమ్మతించిన పూర్వవిద్యార్థుల పట్టిక ఊరూరికి తయారుచేసి, బయలుదేరు ప్రతి పిల్లవానికిని ఆ ఊరిలోని ఒక్క మనిషినైనను పరిచయము చేయింపుడు. అడిగినచో ముందునకు వచ్చువారు ఇచ్చట చాలమంది కలరు. ఇన్నాళ్ళును అడిగినవారు లేరు.

ఒక ఆక్షేపణము వినవచ్చునని నాకు తెలియును. యల్లాప్రగడ సుబ్బారావుగారు బోస్టనులో ఆసుపత్రిలో రాత్రిపూట కూలివానివలె ఊడిగము చేసి చదివిరే, ఆయనకు ఎవరు శిక్షణ ఇచ్చిరి, కష్టపడిననే గదా మనిషి గట్టిపడునని పెద్దలు కొందరందురు. సుబ్బారావుగారి ధైర్యమునకు నేను శిరసు వంచుదును. కాని ఒక మహామేధావి తట్టుకొన్నాడని ప్రతి పిల్లవానిని అదే నిప్పులో నడిపించుట న్యాయము గాదు. పైగా చదువులో పడవలసిన కష్టము వేరు, తపాలాపెట్టెమీద పేరు వ్రాయవలెనని తెలియక పడు కష్టము వేరు. మొదటిది మనిషిని పెంచును. రెండవది ఊరక అలయించును. గల్ఫు దేశములకు పోవు శ్రామికులకు బయలుదేరకముందు విదేశాంగశాఖవారు శిక్షణ ఏర్పాటు చేసియున్నారు. అది మిక్కిలి మంచి పని. శ్రామికునకు అవసరమని ప్రభుత్వమే ఒప్పుకొన్నది విద్యార్థికి అనవసరమెట్లగును?

కన్సల్టెన్సీలను గూర్చి ఒకమాట. కొన్ని ప్రైవేటు విద్యాసంస్థలు విద్యార్థిని చేర్చినందుకు వారికి కమీషను చెల్లించుననుట అందరెరిగినదే. వారిలో నిజాయితీపరులు లేరని నేననను. కాని తీసికొన్న రుసుమునకు ఏమేమి పనులు చేయుదురో, దిగిన పిమ్మట చేయుదుమని చెప్పిన సాయమెట్టిదో, కాగితముపై వ్రాసియిచ్చునట్లు నిబంధన పెట్టుటకు రెండు ప్రభుత్వములకును మీరు సిఫారసు చేయవలెను. తల్లిదండ్రులను కూడ ఒక్కపూట పిలిచి కూర్చుండబెట్టి మాటలాడుడు. తొలి నెల బిడ్డ చెప్పు "అంతా బాగుంది" అను మాటతో తృప్తిపడక, ఏమి తిన్నావో, ఎవరితో మాటలాడినావో, పెట్టెమీద పేరు వ్రాసినావో అని మెల్లగా అడుగుడని వారికి చెప్పుడు. అప్పును గూర్చిన మాట ఆ నెల ఫోనులో ఎత్తవద్దని నా తరపున వారిని వేడుకొనుడు.

జర్మనీలో పెక్కు విశ్వవిద్యాలయములందు శీతకాలపు సెమిస్టరు అక్టోబరు 1న ఆరంభమగును. వసతిగృహములకు దరఖాస్తులు వసంతమునుండియే పోవుచుండును. మన పిల్లల వీసాలు జులై, ఆగస్టులలో చేతికి వచ్చును. కాబట్టి ఈ తరగతులు మార్చి నెలలోనే మొదలుకావలెను. వచ్చు మార్చికి మొదటి తరగతిని, ఒక్క జిల్లాలోనైనను సరియే, జరిపింపుడు. ఈ ఊరికి వచ్చు పిల్లలకు సంబంధించినంతవరకు ఆ పూర్వవిద్యార్థుల పట్టికలో మొదటి పేరుగా నా పేరు వ్రాసికొనుడు.

ఇట్లు,
భవదీయుడు,
మాగ్డెబర్గునందలి ఒక పూర్వవిద్యార్థి